రెండో రౌండ్‌లో దమ్ము నిలవాలంటే

మా నల్లగొండలో దమ్ము అనే మాటకు మూడు అర్థాలున్నాయి. ఉరికొచ్చి నిలబడిన పిల్లవాడు "దమ్మొస్తంది సార్" అంటే ఆయాసం. "వానికి దమ్మున్నది" అంటే ధైర్యం. "మా నాయనమ్మకు దమ్ము లేస్తది" అంటే ఆస్తమా. కరాటే, తైక్వాండో నేర్పే మాలాంటి వాళ్ళం ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తాం. స్పారింగ్ (ఇద్దరు ఎదురెదురుగా తలపడే ప్రాక్టీసు) రెండో రౌండ్‌లో చేతులు దించేసిన పిల్లను "దమ్ము లేదా నీకు?" అని గదమాయించి, గ్రౌండ్ చుట్టూ ఇంకో నాలుగు రౌండ్లు ఉరికిస్తాం. నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను. అలా ఉరికించిన వాళ్ళలో ఒక అమ్మాయి బ్యాగులో ఇన్‌హేలర్ దాచుకుని వచ్చేది. బయటికి తీస్తే మిగతావాళ్ళు నవ్వుతారని భయం. ఆ సంగతి వాళ్ళమ్మ వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు.

అందుకే ఈ వరుసలో చెబుతున్నాను. ముందు మీది ఏ దమ్మో తేల్చుకోండి. తర్వాత ఊపిరి కండరాలకు పని చెప్పండి. ఆ తర్వాతే దాన్ని కిక్కుతో, పంచ్‌తో కలపండి. నేను డాక్టర్ని కాను, మాస్టర్ని. డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన చోట వెళ్ళమనే చెబుతాను.

ఊపిరితిత్తులు పెరగవు

"ఈ ఎక్సర్‌సైజు చేస్తే ఊపిరితిత్తులు పెద్దవవుతాయి" అనే మాట ఫోన్‌లో రోజూ కనిపిస్తుంది. ఎదిగిన మనిషిలో అలా జరగదు. ఊపిరితిత్తి స్పాంజి లాంటిది. తనంతట తాను గాలిని లాక్కునే శక్తి దానికి లేదు. అందులో ఎంత గాలి పడుతుందనేది మీ ఎత్తు, వయసు, ఆడా మగా, పుట్టుకతో వచ్చిన ఛాతీ నిర్మాణం తేలుస్తాయి. బ్లాక్ బెల్ట్ ఉన్న మనిషికీ, అదే ఎత్తు, అదే వయసు ఉన్న కిరాణాకొట్టు ఆయనకూ ఆ లెక్కలో పెద్ద తేడా లేకపోవచ్చు.

మారేవి ఆ స్పాంజిని సాగదీసే, పిండే కండరాలు. ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా పరుచుకుని ఉండే డయాఫ్రమ్ అందులో పెద్దది. బడిలో దాన్నే ఉదరవితానం అని చదువుకున్నాం. దానికి తోడు పక్కటెముకల మధ్య కండరాలు, గట్టిగా పీల్చేటప్పుడు మెడ కండరాలు, గట్టిగా వదిలేటప్పుడు పొట్ట కండరాలు. ఇవన్నీ తొడ కండరం లాంటివే. బరువు పెడితే బలపడతాయి, వాడకపోతే సడలుతాయి, ఎక్కువ వాడితే అలసిపోతాయి.

అవి అలసిపోతే ఏమవుతుందో మన జిల్లావాళ్ళకు చెప్పడం తేలిక. సాగర్ ఎడమ కాలువ కింద పై ఆయకట్టు వాళ్ళు తూములెత్తి నీళ్ళు పెట్టుకుంటే చివరి భూములకు ఏం అందుతుంది? ఒంట్లోనూ అంతే. పూర్తి వేగంతో తన్నుకుంటున్నప్పుడు ఒళ్ళు వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 10 నుంచి 15 శాతం ఊపిరి కండరాలే తీసుకుంటాయి. అవి అలసిపోయాయంటే నరాల ద్వారా కబురు వెళ్ళి కాళ్ళకు పోయే రక్తనాళాలు కుంచించుకుంటాయి. రక్తం ముందు ఊపిరికి, మిగిలింది కాళ్ళకు. రెండో రౌండ్‌లో కాళ్ళకు ఇసుక సంచులు కట్టినట్టు అనిపించడానికి కాళ్ళ బలహీనత ఒక్కటే కారణం కాదు. తైక్వాండో అంటేనే కాళ్ళాట కాబట్టి ఈ దెబ్బ మనకు ఇంకా గట్టిగా తగులుతుంది.

1. నోట్‌బుక్‌లో మూడు అంకెలు

ఏదీ మొదలుపెట్టకముందే ఇవి రాసుకోండి. పక్కవాడితో పోల్చడానికి కాదు, ఆరు వారాల తర్వాత మీతో మీరే పోల్చుకోవడానికి.

మొదటిది ఛాతీ ఉబ్బు. టైలర్ టేపు తీసుకుని, రొమ్ము ఎముక కింది కొస దగ్గర ఛాతీ చుట్టూ పెట్టండి. ఊపిరంతా వదిలి ఒకసారి, నిండా పీల్చి ఒకసారి కొలవండి. తేడా ఎన్ని సెంటీమీటర్లో రాయండి. ఆర్మీ సెలక్షన్‌కు ప్రాక్టీసు చేసేవాళ్ళకు ఇది తెలిసిన లెక్కే, అక్కడ కనీసం 5 సెంటీమీటర్లు ఉబ్బాలి. మర్రిగూడ వైపు ఊళ్ళలో ఫ్లోరైడ్ వల్ల వెన్ను, పక్కటెముకలు బిగుసుకుపోయిన పెద్దవాళ్ళను చూసినవాళ్ళకు ఈ కొలత ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. స్పాంజి బాగున్నా, చుట్టూ ఉన్న పంజరం కదలకపోతే గాలి లోపలికి రాదు.

రెండోది కూత. నిలబడి నిండా పీల్చి "కబడ్డీ కబడ్డీ" అని ఒకే వేగంతో, మధ్యలో దొంగ ఊపిరి తీయకుండా ఎన్ని సెకన్లు అనగలరో ఫోన్‌లో రికార్డు చేయండి. మన ఊళ్ళలో చెడుగుడు ఆడి పెరిగినవాళ్ళకు ఇది ఒక పరీక్ష అనిపించదు. కబడ్డీలో ఒక రైడ్‌కు 30 సెకన్లు. అంతసేపు అనగలిగితే ఊపిరిని పొదుపుగా వదలడం మీకు వచ్చినట్టే. ఇది కండరబలాన్ని నేరుగా కొలవదు, పొదుపును కొలుస్తుంది. మనకు రెండూ కావాలి.

మూడోది పీక్ ఫ్లో మీటర్ అంకె. మీరు ఎంత వేగంగా గాలి ఊదగలరో చూపించే ప్లాస్టిక్ గొట్టం ఇది, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, ఖరీదు పెద్దగా ఉండదు. నిలబడి, ముల్లును సున్నా దగ్గరికి తెచ్చి, నిండా పీల్చి, పెదవులు బిగించి ఒక్క ఉదుటున ఊదాలి. మూడుసార్లు ఊది అన్నింటికంటే పెద్ద అంకె రాయండి, సగటు కాదు. 450, 470, 460 వస్తే మీ అంకె 470. కొత్తవాళ్ళు బుగ్గలు ఉబ్బించి ఉమ్మినట్టు ఊదుతారు. అప్పుడు అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుంది, కాబట్టి బుగ్గలు గట్టిగా ఉంచండి. వారం రోజులు పొద్దున, సాయంత్రం ఊదితే మీ మామూలు అంకె ఏమిటో తెలుస్తుంది.

ఊపిరి కండరాల బలాన్ని నేరుగా కొలిచే పరీక్ష కూడా ఉంది. మూసిన గొట్టంలో నుంచి బలమంతా పెట్టి పీల్చాలి, తర్వాత ఊదాలి. ఎంత ఒత్తిడి వచ్చిందో సెంటీమీటర్ల నీటిమట్టంలో చెబుతారు. ఆరోగ్యంగా ఉన్న యువకుడు పీల్చినప్పుడు సుమారు 100 చుట్టుపక్కల వస్తుంది, అమ్మాయిల్లో అంతకంటే కొంత తక్కువ. ఈ పరీక్ష ప్రతిచోటా దొరకదు. దొరకకపోయినా మన పని ఆగదు.

2. ఆయాసమా, జబ్బా?

ఇక్కడ తొందరపడకండి. నేను తప్పు చేసింది ఇక్కడే.

పదినిమిషాలు గట్టిగా ఉరకండి లేదా ప్యాడ్ కొట్టండి. ఆపిన తర్వాత 5, 10, 15 నిమిషాలకు పీక్ ఫ్లో ఊదండి. కేవలం ఫిట్‌నెస్ లేని ఆయాసమైతే ఆపిన రెండు మూడు నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది, అంకె కూడా పెద్దగా పడదు. అలా కాకుండా ఆపిన తర్వాతే ఎక్కువై, పొడి దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగింపు మొదలై, అంకె మీ మామూలు దానికంటే 10 నుంచి 15 శాతం పడిపోతే, శ్రమ వల్ల గాలిగొట్టాలు ముడుచుకుంటున్నాయేమోనని అనుమానించాలి. అలాంటి వాళ్ళను ఉరికించి "దమ్ము పెంచడం" అంటే పుండు మీద కారం చల్లడమే. ఇదివరకే ఆస్తమా ఉందని తెలిసినవాళ్ళు, ఇన్‌హేలర్ వాడేవాళ్ళు ఈ ఉరుకుడు పరీక్ష సొంతంగా చేసుకోవద్దు.

ఇంకో రకం ఉంది. దీన్ని ఆస్తమా అనుకుని చాలామంది మోసపోతారు. పీల్చేటప్పుడు గొంతులో ఈల లాంటి శబ్దం వస్తుంది. శ్రమ తారస్థాయిలో ఉన్నప్పుడే వస్తుంది, ఆపగానే కొద్ది నిమిషాల్లో పోతుంది, ఇన్‌హేలర్ కొట్టినా ఫలితం ఉండదు. అది ఊపిరితిత్తుల్లో కాదు, స్వరపేటిక దగ్గర ఇరుకవడం. టీనేజ్ అమ్మాయిల్లో ఎక్కువ కనిపిస్తుంది. గొంతు డాక్టర్‌కు చూపించాలి.

అమ్మాయిల విషయంలో ముందు చూడాల్సింది రక్తం. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉన్న పిల్ల ఎంత బాగా పీల్చినా, ఆ ఆక్సిజన్‌ను మోసుకుపోయే బండ్లే తక్కువ. నా దగ్గరికి వచ్చే అమ్మాయిల ఇళ్ళల్లో నేను మొదట చెప్పే మాట ఇదే: ఊపిరి పరికరం కొనే డబ్బుతో ముందు రక్తపరీక్ష చేయించండి.

డాక్టర్ పీఎఫ్‌టీ, అంటే ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష రాస్తే భయపడొద్దు. ముక్కుకు క్లిప్పు పెట్టి, నిండా పీల్చి, ఉన్న బలమంతా పెట్టి, ఆరు సెకన్ల పాటు చివరి బొట్టు దాకా ఊదమంటారు. ఒకేలా వచ్చే ఊదుడు మూడు దొరికేదాకా చేయిస్తారు. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేటల్లో మెడికల్ కాలేజీలు వచ్చాక ఇలాంటి వాటికి ప్రతిసారీ హైదరాబాద్ బస్సెక్కే పని తగ్గింది. వెళ్ళే ముందు గంటసేపు గట్టి వ్యాయామం వద్దు, కడుపు నిండా తిని వెళ్ళొద్దు. బిగుతు బట్టలు వేసుకోవద్దు. ఇన్‌హేలర్ వాడేవాళ్ళు ఎప్పుడు ఆపాలో ముందే అడగండి.

రిపోర్టులో ఎఫ్‌వీసీ అంటే మీరు ఊదిన మొత్తం గాలి. ఎఫ్‌ఈవీ1 అంటే అందులో మొదటి సెకనులో వచ్చింది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.7 కంటే తగ్గితే గాలిగొట్టాల్లో అడ్డు ఉందని పెద్దవాళ్ళ లెక్క. కుర్రవాళ్ళలో మామూలుగానే ఇది 0.8 చుట్టుపక్కలో, పైనో ఉంటుంది కాబట్టి 0.74 వచ్చిందని సంబరపడకండి, డాక్టర్‌ను అడగండి. కూర్చుని చేసిన పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన, ఉరికినప్పుడు గొట్టాలు ముడుచుకోవని కూడా కాదు. ఆ తేడా చెప్పేది మీ నోట్‌బుక్కే, దాన్ని వెంట తీసుకెళ్ళండి.

3. పొట్టతో పీల్చడం

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. పొట్ట మీద ఒక చేయి, ఛాతీ మీద ఒక చేయి. ముక్కుతో పీల్చినప్పుడు పొట్ట మీది చేయి ముందు లేవాలి. వచ్చాక కూర్చుని, తర్వాత నిలబడి, చివరికి గార్డ్‌లో, అంటే చేతులెత్తి పోరుకు సిద్ధంగా నిలబడి చేయండి. పడుకుని అందరికీ వస్తుంది, గార్డ్‌లో సగం మందికి పోతుంది. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయంటే మెడ కండరాలతో పీలుస్తున్నారన్నమాట. రోజూ పదినిమిషాలు, రెండు వారాలు.

పొట్ట మీద రెండు మూడు కిలోల బియ్యం సంచి పెట్టుకోవచ్చా అని అడుగుతారు. పెట్టుకోండి. అది పెద్ద బరువు కాదు గానీ పొట్ట లేస్తోందో లేదో తెలుస్తుంది.

4. కండరానికి బరువు

గుంజీలు తీయకుండా తొడలు బలపడనట్టే, అడ్డు లేకుండా ఊపిరి కండరాలూ బలపడవు. దీనికి స్ప్రింగు ఉన్న చిన్న పరికరం కావాలి. లోపలి కవాటం ఫలానా ఒత్తిడి దాటితేనే తెరుచుకుంటుంది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొనేముందు ఎంత ఒత్తిడి దాకా పెంచుకోవచ్చో చూడండి. ఆస్పత్రి రోగుల కోసం తయారైన ఒక రకం 41 సెంటీమీటర్ల నీటిమట్టం దగ్గర ఆగిపోతుంది. 120 లాగగలిగే కుర్రాడికి అందులో సగం కావాలన్నా 60 ఉండాలి. అది రెండు వారాల్లో ఆటవస్తువు అయిపోతుంది.

కరోనా తర్వాత ప్రతి ఇంట్లో మూడు బంతుల స్పైరోమీటర్ ఒకటి అటక మీద ఉంది. దాన్ని దించి వాడొచ్చా? ఆపరేషన్ అయినవాళ్ళు లోతుగా పీల్చడానికి చేసిన సామాను అది. బంతులు లేపడంలో వేగం ఉంది గానీ అడ్డు లేదు. ఆటగాడికి దానితో బలం పెద్దగా రాదు. మళ్ళీ అటక మీదే పెట్టండి.

పద్ధతి ఇలా. నిటారుగా కూర్చోండి, ముక్కుకు క్లిప్పు పెట్టండి. ముందు ఊపిరంతా వదలండి, ఇది మరిచిపోతే సగం పని వృథా. తర్వాత పరికరంలో నుంచి వేగంగా, బలంగా, నిండేదాకా లాగండి. వదలడం మాత్రం నెమ్మదిగా, ఒంటిని సడలించి. ఇలా 30 ఊపిర్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మధ్యలో కనీసం ఆరు గంటలు. వారానికి ఐదారు రోజులు, మొత్తం ఆరు వారాలు.

ఎంత బరువు? కండరబలం పరీక్ష చేయించుకున్నవాళ్ళు వచ్చిన అంకెలో సగం పెట్టుకోవాలి. చేయించుకోనివాళ్ళు ఇలా చూసుకోండి: 30 ఊపిర్లు పూర్తవ్వాలి, కానీ 25 దాటాక "ఇక చాలు" అనిపించాలి. 15కే ఆగిపోతే ఎక్కువ, 30 తర్వాత ఇంకో పది తేలిగ్గా లాగగలిగితే తక్కువ. మెల్లగా వారం వారం పెంచండి. తల తిరిగినా, వేళ్ళు తిమ్మిరెక్కినా బలం తగ్గించక్కర్లేదు, ఊపిర్లు మరీ వెంటవెంటనే తీస్తున్నారని అర్థం. ఒక్కో ఊపిరి తర్వాత ఒకటి రెండు క్షణాలు ఆగండి. అప్పటికీ తగ్గకపోతే ఆ పూటకు ఆపేయండి.

ఆరు వారాలయ్యాక వారానికి రెండు మూడు రోజులు చేస్తే వచ్చిన బలం నిలుస్తుంది. పూర్తిగా మానేస్తే నెలల్లో కరిగిపోతుంది.

చెవిపొర పగిలినవాళ్ళు, పక్కటెముక విరిగినవాళ్ళు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు, ఎప్పుడైనా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి చికిత్స చేయించుకున్నవాళ్ళు డాక్టర్ ఒప్పుకోకుండా దీన్ని ముట్టుకోవద్దు. జలుబు చేసి ముక్కు, చెవులు మూసుకుపోయిన వారం కూడా వద్దు. మీ పరికరం మీదే. ఒకరి నోట్లోది ఇంకొకరు పెట్టుకోవడం మా క్లాసులోనూ చూశాను, టీబీ ఉన్న దేశంలో ఇది చెప్పి చెప్పించుకోవాల్సిన మాట కాదు.

పరికరం లేకపోతే? లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లో, పాలమూరు వాళ్ళైతే మన్యంకొండ మెట్లో ఉంటాయి. 30 సెకన్లు గట్టిగా ఎక్కి, ఒక నిమిషం నెమ్మదిగా దిగండి, ఎనిమిది పది సార్లు. ఊపిరి కండరాలకు ఇందులోనూ గట్టి పని పడుతుంది, గుండెకూ కాళ్ళకూ ఎలాగూ పడుతుంది. నన్నడిగితే, రోజూ మెట్లెక్కని మనిషి పరికరం కొనడం అనవసరం. మెట్లు ఎక్కీ ఎక్కీ ఇక ముందుకు కదలని మనిషికే అది పనికొస్తుంది.

ముఖానికి నల్లటి మాస్కు పెట్టుకుని "ఇది హిమాలయాల ఎత్తులో ట్రైనింగ్" అనేవాళ్ళను నమ్మకండి. మాస్కు పెట్టినా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, గాలి ఒత్తిడి నల్లగొండదే.

5. దెబ్బతో ఊపిరి

కియాయ్ అంటే కేక అనుకుంటారు. అది పొట్ట కండరాలు ఒక్కసారిగా బిగిసి ఊపిరి బయటికి తన్నుకురావడం. దెబ్బ తగిలే క్షణంలో నడుము గట్టిపడుతుంది, బలం కాలి నుంచి చేతికి జారిపోకుండా చేరుతుంది. కొత్తవాళ్ళు చేసే తప్పు, ఒక్క కేకలో ఉన్న గాలంతా ఖాళీ చేయడం. మూడో వంతు చాలు. మూడు కిక్కుల కాంబినేషన్ ఉంటే మూడు చిన్న వదులుళ్ళు, పళ్ళ మధ్య నుంచి "స్, స్, స్" అని. కాలు కిందపడి దూరం జరిగేటప్పుడు ఊపిరి దానంతటదే లోపలికి వస్తుంది. పీల్చడం గురించి ఆలోచించక్కర్లేదు, వదలడం నేర్చుకుంటే చాలు.

ప్యాడ్ పట్టుకున్నవాళ్ళు చెవులు రిక్కించి వినాలి. శబ్దం లేకుండా కొడుతున్నారంటే ఊపిరి బిగబట్టారన్నమాట. 20 సెకన్లు అలా కొట్టినవాడు తర్వాతి 40 సెకన్లు దాని అప్పు తీరుస్తాడు.

బెల్టు ఎక్కడ కడుతున్నారో కూడా చూసుకోండి. పిల్లలు బొడ్డు మీద బిగించి కడతారు. బొడ్డు కిందికి, తుంటి ఎముకల మీద వచ్చేలా కట్టాలి. తైక్వాండో చెస్ట్ గార్డ్ ఇంకా ముఖ్యం, ఎందుకంటే దాన్ని వెనక నుంచి వేరొకరు కడతారు. వాళ్ళు కట్టేటప్పుడు మీరు నిండా పీల్చి ఆపండి. ఊపిరి వదిలి ఉన్నప్పుడు కట్టించుకుంటే మ్యాచ్ అంతా ఛాతీకి తాడు కట్టుకుని ఆడినట్టే.

కడుపు గుంటలో దెబ్బ తగిలి ఊపిరి అందకపోతే భయపడకండి. డయాఫ్రమ్ ఒక్కసారి పట్టేసింది, అంతే. గార్డ్ వదులు చేసి, కూర్చుని ముందుకు వంగండి, చిన్న చిన్నగా వదలడానికి ప్రయత్నించండి. ఒకటి రెండు నిమిషాల్లో వస్తుంది. రాకపోయినా, పీల్చినప్పుడల్లా పక్కన పొడిచినట్టు ఉన్నా, దగ్గితే రక్తం పడినా ఆస్పత్రికే, గ్రౌండ్‌లో నీళ్ళు చల్లుతూ కూర్చోవద్దు.

6. ఆ ఒక్క నిమిషం

తైక్వాండోలో రెండు నిమిషాల రౌండ్ల మధ్య ఒక నిమిషం విరామం. ఆ 60 సెకన్లలో చాలామంది నీళ్ళు తాగుతూ, కోచ్ అరుపులు వింటూ, అడ్డదిడ్డంగా పీలుస్తారు.

మొదటి 20 సెకన్లు నోటితో పీల్చండి, సిగ్గుపడొద్దు. ముక్కుతోనే పీల్చాలనే నియమం ప్రాణాయామానికి, రౌండ్ విరామానికి కాదు. తర్వాతి 30 సెకన్లు పీల్చేదానికంటే వదిలేది రెట్టింపు పొడవు ఉండేలా చూడండి, భుజాలు దించండి. చివరి పది సెకన్లలో ఒక గుక్క నీళ్ళు, నోటి గార్డ్, లేవడం. కోచ్‌లకు ఒక మాట: ఆ మొదటి 20 సెకన్లు నోరు మూసుకోండి. ఎలాగూ వాళ్ళకు వినపడదు.

ఇంకో తప్పు ఒప్పుకోవాలి. మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగితే "వంగకు! చేతులు తల మీద పెట్టు!" అని నేను పదేళ్ళు అరిచాను. ఓడిపోయినవాడిలా కనిపిస్తాడని నా బాధ. నిజానికి కొంచెం వంగి, చేతులు మోకాళ్ళ మీద ఆనించినప్పుడు డయాఫ్రమ్‌కు మంచి పట్టు దొరుకుతుంది. చేతులు తల మీద పెట్టుకున్నవాళ్ళ కంటే వంగినవాళ్ళ గుండెవేగమే తొందరగా దిగుతుందని కొలిచి చూశారు. ప్రాక్టీసులో వంగనివ్వండి. మ్యాచ్‌లో ప్రత్యర్థి చూస్తాడనుకుంటే కుర్చీలో కూర్చుని మోచేతులు తొడల మీద పెట్టుకుంటే అదే పని అవుతుంది.

7. ఎక్కడ, ఎప్పుడు

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ రోజుల్లో పొద్దున ఏడు లోపే ముగించండి. నల్లగొండలో పానగల్లు ఉదయసముద్రం కట్ట వైపు గాలి కొంచెం నయం. వరి కోతలయ్యాక కొయ్యలు కాల్చే వారాల్లో, తెల్లవారుజామున పొగ కిందికి దిగి పొగమంచులా పరుచుకుంటుంది. ఆ పూట బయట ఉరకొద్దు. పొగలో గట్టిగా ఊపిరి తీస్తూ చేసే వ్యాయామం లాభం కంటే నష్టమే. మిర్యాలగూడలో రైస్‌మిల్లుల పక్కన ఉండేవాళ్ళు ఊక దుమ్ము లేచే వైపు కాకుండా గాలికి ఎదురు వైపు చోటు చూసుకోండి.

డిసెంబరు చలిలో గొట్టాలు ముడుచుకునే పిల్లలకు వార్మప్ ఎక్కువ కావాలి. పావుగంట మెల్లగా మొదలుపెట్టి, మధ్యలో నాలుగైదు చిన్న స్ప్రింట్లు వేయించండి. అలా చేస్తే తర్వాత గంటా రెండు గంటలు గొట్టాలు ముడుచుకోవడం కొందరిలో బాగా తగ్గుతుంది.

8. బావిలో పందెం వద్దు

ఎండాకాలం బావుల్లో, కాలువల్లో మునిగి ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారో పందెం వేస్తారు. దాన్ని దమ్ము ట్రైనింగ్ అనుకునే కుర్రాళ్ళు నా దగ్గరా ఉన్నారు. మునిగే ముందు గబగబా పది పదిహేను సార్లు పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. "ఊపిరి తీయాలి" అని మెదడును తొందరపెట్టేది ఆక్సిజన్ తగ్గడం కంటే ముందు ఆ వాయువు పెరగడమే. అది తక్కువగా ఉంటే హెచ్చరిక రాదు. ఆక్సిజన్ అయిపోయి, ఏ గిలగిలా లేకుండా నీళ్ళలోనే స్పృహ తప్పుతుంది. గట్టు మీద ఉన్నవాళ్ళు ఇంకా సెకన్లు లెక్కపెడుతూనే ఉంటారు. ఊపిరి బిగబట్టే సాధన ఏదైనా నేల మీద, కూర్చునే.

9. పోటీ రోజు

మ్యాచ్‌కు ముందు వార్మప్‌లో పరికరంతో మామూలు కంటే తక్కువ బరువు, మీ గరిష్ఠ బలంలో 40 శాతం దగ్గర పెట్టి 30 ఊపిర్లు రెండుసార్లు లాగండి. ఊపిరి కండరాలు కాళ్ళలాగే వేడెక్కి ఉంటాయి. ఇదివరకు ఎన్నడూ చేయనివాళ్ళు ఆ రోజే మొదలుపెట్టొద్దు.

దగ్గు మందు విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. మన మెడికల్ షాపుల్లో అడగ్గానే ఇచ్చే చాలా దగ్గు సిరప్‌లలో టెర్బుటలిన్ ఉంటుంది. అది డోపింగ్ జాబితాలో నిషేధం. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌కు అనుమతి ఉంది, 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, అందులోనూ ఏ ఎనిమిది గంటల్లోనూ 600 దాటకూడదు. అదే మందు మాత్రగా, సిరప్‌గా తీసుకుంటే నిషేధమే. రాష్ట్ర, జాతీయ స్థాయికి వెళ్ళేవాళ్ళు సీసా మీది చిన్న అక్షరాలు చదివి, మీరు ఆటగాళ్ళని డాక్టర్‌కు ముందే చెప్పండి. అనుమతి తీసుకోవాల్సిన మందైతే ఆ కాగితం పోటీకి ముందే చేతిలో ఉండాలి.

ఇన్‌హేలర్ ఉన్నవాళ్ళు దాన్ని బ్యాగు అడుగున కాకుండా నీళ్ళ సీసా పక్కన, కోచ్ చేతికి అందేచోట పెట్టండి. మా క్లాసులో ఇప్పుడు ఫస్ట్ ఎయిడ్ డబ్బా మూత మీద ఒక కాగితం అతికించి ఉంది. ఎవరి ఇన్‌హేలర్ ఏ సంచిలో, ఏ అరలో ఉందో అందులో రాసి ఉంటుంది. ఆ కాగితం రాసింది ఆ అమ్మాయే.